ద్రాక్షపందిరి మీద చద్దర్లు

“ఇది కచ్చా రంగు! తీస్కపో!”

యాదగిరి శేట్ విసిరిన చద్దరు వచ్చి చంద్రభాగ కాళ్ళ దగ్గర పడింది. కొంతం చౌక్‌లోని ఆ దుకాణంలో బేరాలాడుతున్న వాళ్ళంతా ఇటు తిరిగారు.

“పుణె గిరాకి ఒక్కసారి నానబెట్టిండట. పక్కనున్న తెల్ల ధోతి ఎర్రగైందట. వాపస్ పంపిండు. ఇగ మీ కొత్త మాల్ గూడ నాకొద్దు.”

చంద్రభాగ భర్త రామచంద్రం చద్దర్లతో నింపి తోసుకొచ్చిన హాత్‌గాడీ ఇంకా వాకిట్లోనే ఉంది. మగ్గం ఆయనది. నూలుకు రంగు వేసే చెయ్యి ఆమెది. ఆ చేతికి దాజీ పేటలో మంచి పేరుంది. శేట్ అన్న ‘కచ్చా’ మాట గల్లీకి చేరిందంటే ఇక ఆమెకు ఎవరూ నూలు పట్టుకురారు.

“నా రంగు పోదు శేట్,” అంది.

“మరి ధోతి సిగ్గుపడి ఎర్రగైందా?”

దుకాణమంతా గొల్లుమంది.

ఆ నవ్వుల్లోకే శేట్ తోటమాలి పోచయ్య సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు. “శేట్! చలి మల్ల తిరగబడ్డది. పక్క తోటల మంచు పేరుకొని ఆకులన్ని మాడినయి, పండ్లు పగిలినయి. ఇయాల రాత్రి ఇంకింత జోరుంటదట. పందిరి మీద ఏమన్న కప్పకుంటే మన ద్రాక్ష దక్కది.”

“హోలీ దగ్గరికొచ్చినంక చలేందిరా?”

“చలికి క్యాలెండర్ తెల్వదు గదా శేట్!”

నీలం నగర్ దాటాక, బంగళా వెనక వేసుకున్న ఆ ఒక్క పందిరంటే శేట్‌కు ప్రాణం. ఆయన అరల వైపు చూశాడు. అన్నీ పెళ్ళిళ్ళకు తెప్పించిన కొత్త చద్దర్లు. తీసి మంచులో పడేయడానికి మనసొప్పలేదు.

“మావి కప్పుండ్రి,” అంది చంద్రభాగ. “ఎట్లయినా వద్దంటిరి గదా. రాత్రంత మంచుల నానుతయి. పొద్దుగాల ఒక్క గుత్తికి మా రంగంటినా నేను మల్ల రంగుతొట్టిల చెయ్యి పెట్ట. అంటకుంటే మాత్రం గీ అందరి ముందట పక్కా రంగని చెప్పాలె.”

“నెత్తి గిట్ల తిరుగుతుందా ఏందే నీకు?” రామచంద్రం గొణిగాడు.

శేట్ ఒక్క క్షణం ఆలోచించాడు. “రంగంటితే కడుక్కుంట. పండు పగిలితే ఏం కడుగుత? పట్కపో పోచయ్యా. గా వాపసొచ్చినదాన్ని గూడ పట్కపో.”

చీకటి పడక ముందే పోచయ్యతో కలిసి ఆలుమగలిద్దరూ పందిరి తీగల మీద చద్దర్లు పరిచేశారు.

తెల్లారింది. చద్దర్లు తడిసి బరువెక్కి, అంచుల వెంట నీళ్ళు కారుతున్నాయి. చంద్రభాగ ఒక చుక్కను అరచేతిలో పట్టి చూసుకుంది. ఊటనీరులా తేటగా ఉంది.

మఫ్లర్ చుట్టుకుని శేట్ వచ్చాడు. తమాషా చూద్దామని దుకాణం వాళ్ళూ వెంట వచ్చారు. పందిరి కింద ఆకులు పచ్చగా నిలిచి ఉన్నాయి. గుత్తులు బిగువుగా వేలాడుతున్నాయి.

“ఒక్క పండు పగల్లేదు శేట్!” పోచయ్య ఎగిరినంత పని చేశాడు.

శేట్ ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి తెల్ల రుమాలు తీసి గుత్తి గుత్తినీ తుడుస్తూ నడిచాడు. రుమాలు తెల్లగానే ఉంది. ఆయన ముందుకు సాగిన కొద్దీ రామచంద్రం వెన్ను నిటారుగా లేచింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

“ఆగుండ్రి!”

పందిరి చివర శేట్ కేక. అక్కడ ఒక గుత్తి మీద ఎర్రటి మరకలు. తుడిస్తే రుమాలు ఎర్రబడింది. పైన కప్పి ఉన్నది పుణె నుంచి వాపసొచ్చిన చద్దరే.

“ఇగో! దొరికింది! ధోతి గూడ ఇట్లనే ఎర్రగైంది! ఇప్పుడేమంటవమ్మా?”

రామచంద్రం తల దించుకున్నాడు. చంద్రభాగకు రంగుతొట్టి, గల్లీ ఆడవాళ్ళు, రేపటి పూట, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అయినా మునివేళ్ళ మీద లేచి, ఎర్రచుక్క జారుతున్న చద్దరు మూలను పట్టి కిందికి లాగింది. తిరగేసి చూసింది.

పకపకా నవ్వేసింది.

“ఇది ఎవరి రంగో మీరే చూడుండ్రి శేట్!”

ఆ మూలన, అమ్మే ముందు ప్రతి చద్దరు మీదా శేట్ స్వయంగా కొట్టే ఎర్రసిరా ముద్ర, యాదగిరి అన్న పేరుతో సహా కరిగి, చుక్కచుక్కగా కారుతోంది.