అవతలి ఎమిలీ

కాల్ సెంటర్ పనిని విదేశీ కంపెనీ తిరిగి తన దేశానికే తీసుకుపోయింది. అక్కడివాళ్లకు చేతగాకపోతే మళ్లీ పిలుస్తామన్నారు. ఆ మాట పట్టుకుని, చీకటి పడ్డాక మడికొండ బస్టాపులో నిలబడి హెప్సిబా ఆ కంపెనీకే ఫోన్ చేసింది.

"ఇంకా ఆశనేనా అక్కా?" ఆమెతోపాటే పని పోయిన విన్సెంట్ నవ్వాడు.

"నేను ఎమిలీని, చెప్పండి," అంది అవతల ఓ ఆడగొంతు ఇంగ్లీషులో.

ఎమిలీ డ్యూటీలో హెప్సిబా చెప్పుకున్న పేరు. ఆ గొంతూ హెప్సిబాదే. మాటకు ముందు సన్నగా దగ్గడమూ ఆమెదే.

"ఎవలు నువ్వు?" అంది హెప్సిబా.

"వినబడడం లేదండీ. కొంచెం గట్టిగా మాట్లాడండి."

మెడ నరాలు ఉబ్బేలా అరిచింది. పక్కనున్న విన్సెంట్ నవ్వు ఆగిపోయింది.

"అక్కా, నోరు తెరుస్తాన్నవ్ గని మాట్లాడవేంది?"