అత్తగారి ఆఖరి కోరిక

"నేను రాను హజ్రత్. ఆవిడ ఒంటి మీద చెంబెడు నీళ్ళు కూడా పోయను."

కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే అంది ఆమె. మసీదు ఇమాం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

సైకిల్ షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆ చిన్న మసీదే ఆమెకు నీడ. కట్టుబట్టలతో మొగుడింట్లోంచి వచ్చేసిన నాడు, అక్కడికి వచ్చే ఆడవాళ్ళే గది చూపించి, ఈ మిషన్ తెచ్చిపెట్టారు. ఆ విశ్వాసం కొద్దీ, పేటలో ఏ ఆడమనిషి పోయినా మసీదు వెనక గదిలో చివరి స్నానం తనే చేయించేది. ఎవరికీ కాదనలేదు. కానీ ఇవాళ పోయింది అత్తగారు.

మొగుడు చెయ్యి విరగ్గొట్టిన నాడు, పెద్దమనుషులందరి ముందూ "మా కోడలు మెట్ల మీద జారిపడింది" అని నిబ్బరంగా చెప్పిన మనిషి ఆవిడ. కాకి పిల్ల కాకికి ముద్దు మరి! కేసూ లేదు, న్యాయమూ లేదు. ఆ మోచేయి ఇప్పటికీ తిన్నగా సాగదు. సూదిలో దారం ఎక్కించినప్పుడల్లా ఆ అబద్ధం గుర్తొస్తుంది.

"పోయిన వారం వచ్చి నా దగ్గర మాట తీసుకుందమ్మా," అన్నాడు ఇమాం. "'నా స్నానం నా కోడలి చేత్తోనే జరగాలి, దానివి డేగ కళ్ళు, ఏదీ దాటిపోదు' అంది. ఎందుకని అడిగితే ఇంకేం చెప్పలేదు."

కాపరం చేసినన్నాళ్ళూ ఆ డేగ కళ్ళ మాటతోనే దెప్పేది. ఇప్పుడు క్షమాపణ కావలసొచ్చిందన్నమాట. సరే, వస్తానంది ఆమె. ముసలిదాని చెవిలో 'క్షమించను' అని చెప్పి మరీ సాగనంపాలనుకుంది.

మసీదు దగ్గర మాజీ మొగుడు తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. అమ్మ బాత్రూంలో జారిపడిందని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. ఆమెను చూడగానే, ఈవిడెందుకు, మా పిన్ని ఉందిగా అని ఇమాంతో గొడవకు దిగాడు. ఇచ్చిన మాట మాటేనన్నాడు ఇమాం.

ఆమె గది తలుపు గడియపెట్టి, బకెట్ నింపుకుని, కసిగా దుప్పటి లాగింది. అనదలచిన మాట నోట్లోనే ఆగిపోయింది. ముసలామె మోచేయి అచ్చం తన మోచేయిలాగే వంకర తిరిగి ఉంది. జబ్బల మీద వేళ్ళ అచ్చులు, కొన్ని పాతబడి పసుపు తిరిగినవి, కొన్ని పచ్చిగా కమిలినవి. మెడ మీద కూడా ఉన్నాయి.

చెంబు ముంచలేదు. దుప్పటి మెల్లగా కప్పి బయటికొచ్చింది.

"అయిపోయిందా?" అన్నాడు మాజీ మొగుడు.

ఆమె అటు చూడలేదు. "హజ్రత్, శవం మీద చూసింది బయటపెట్టకూడదంటారు. అది పోయినవాళ్ళ లోపాల గురించే కదా?"

"వాళ్ళ గురించేనమ్మా. బతికున్నవాళ్ళ పాపం దాచమని ఎవరూ చెప్పలేదు."

ఆమె ఫోన్ తీసి పోలీస్ స్టేషన్‌కి కలిపింది.

"మా అత్తగారు ఫిర్యాదు ఇస్తానంటున్నారు."