రాని నీళ్లకు ధన్యవాదాలు

నలుగురూ చూసినంత మాత్రాన పని జరుగుతుందా అన్న అనుమానం సోమయాజులుకి ఏళ్లుగా ఉంది. ఈ వేసవిలో అది మరీ ముదిరింది.

"ఆ వీడియో మళ్లీ పెట్టమ్మా," అన్నాడు కూతురితో, పూజకి నీళ్లు లేని చెంబు చేత్తో పట్టుకుని.

"పెట్టాను నాన్నా. ఎవరూ చూడటం లేదు. పాతబడిపోయింది," అంది సాయిసుధ.

"పాతబడ్డమేటి? కుళాయి ఇవాళ కూడా ఎండిపోయే ఉంది కదా."

భవానీపూర్‌లో వాళ్ల గొందికంతటికీ ఆ వీధి కుళాయే ఆధారం. అది ఎండిపోయిందని సాయిసుధ వీడియో పెడితే కలకత్తా అంతా చూసింది. ఎవరెవరో వచ్చి ఖాళీ బకెట్లతో ఫొటోలు దిగి వెళ్లారు. వారం తిరక్కుండానే ఊరి ధ్యాసంతా ఎక్కడో చెట్లు కొట్టేస్తున్నారన్న గొడవ మీదికి మళ్లింది.

"కొత్తగా ఏదైనా చూపిస్తే గానీ చూడరు నాన్నా. ఎవరైనా పడిపోవాలి, లేకపోతే ఏడవాలి."

"అయితే నన్ను పడిపోమంటావేటి?"

సాయిసుధ ఆ సంగతి కాసేపు ఆలోచించింది. అదే ఆయనకి ఎక్కువ కష్టమనిపించింది.

ఆయన భార్య అన్నపూర్ణ బిందె తీసుకుని వెనక వీధిలోని ఆశిష్ వాళ్లింటికి బయలుదేరింది. రోజూ వాళ్ల పెరటి కుళాయి నీళ్లే. ఆశిష్ తల్లి ఏనాడూ మొహం చిట్లించలేదు గానీ, అన్నపూర్ణ మోకాళ్లే ఇక మోయలేమంటున్నాయి. బరువులు ఎత్తితే మంచం ఎక్కాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు.

సాయంత్రం సాయిసుధ ఫోను తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు కొత్త వీడియో పెట్టారు. కుళాయి ధారగా పారుతోంది, బిందె నిండుతోంది. కింద బెంగాలీలో, మా గొందికి నీళ్లిచ్చిన కౌన్సిలర్ గారికి ధన్యవాదాలు అని ఉంది. కౌన్సిలర్ దానికి తన ఫొటో తగిలించి ఊరంతా పంచుకున్నాడు.

"ఇంక మన మాట ఎవరు నమ్ముతారు?" అంది సాయిసుధ, ఏడుపు గొంతుతో.

సోమయాజులు వీధిలోకి వెళ్లి కుళాయి తిప్పాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంత అబద్ధం ఎవరాడారో వాళ్లని దేవుడే చూసుకోవాలనుకున్నాడు. మర్నాడు కౌన్సిలర్ ఆఫీసుకి వెళ్లి నలుగురిలోనూ నిజం చెప్పేయాలని, పొద్దున్నే ఉత్తరీయం వేసుకుని బయటికి వచ్చాడు.

గొంది మొదట్లో కార్పొరేషన్ లారీ ఆగి ఉంది. మనుషులు చకచకా తవ్వి కొత్త గొట్టాలు దించుతున్నారు. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు తిరిగినా రానివాళ్లు ఇవాళ ఇంత హడావిడిగా ఎందుకొచ్చారని అడిగితే, మేస్త్రీ తలెత్తకుండానే చెప్పాడు.

"రేపు కౌన్సిలర్ బాబు ఈ కుళాయి దగ్గరే దండ వేయించుకుంటున్నారు దాదా. అప్పటికి నీళ్లు రాకపోతే మా పని అయిపోతుంది."

మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి. అన్నపూర్ణ మొదటి బిందె పట్టింది. సోమయాజులు ఆత్రంగా పూజ చెంబు చాపాడు.

"దేవుడికి తరవాత," అంది అన్నపూర్ణ. "ముందు ఈ బిందె ఆశిష్ వాళ్లింటికి మోయండి. ఇన్నాళ్ల బాకీ."

"ఇన్నాళ్ల బాకీ ఒక్క బిందెతో తీరుతుందేటి?"

"తీరదు. ఆ ధన్యవాదాల వీడియో కోసం నేను తిప్పింది కూడా వాళ్ల కుళాయే."