పాలు పొంగని క్వార్టర్

అరవై ఏళ్లు నిండిన అణు రియాక్టర్‌ను ఇంకో పదేళ్లు నడపాలంటే, సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరు కుటుంబంతో సహా దాని గోడ పక్క క్వార్టర్లో కాపురం ఉండాలి. ఆ ఇంట్లో పాలు పొంగితేనే సంతకం చెల్లుతుంది. ఈ రూలు వచ్చాక ఇన్‌స్పెక్టర్ల కంటే వాళ్ల ఇంటివాళ్లే గట్టిగా తనిఖీ చేస్తున్నారు.

భానోజీ సంతకం పెట్టేశాడు. ఆయన భార్య హైమావతి స్టవ్ మీద పాలగిన్నె పెట్టి, ఆపరేటర్ ఎర్రునాయుణ్ణి పిలిచింది.

"కరెంటు పోతే ఈ రియాక్టర్‌ను చల్లబరిచేదేది నాయుడుగారూ?"

"పంపులమ్మా. డీజిల్ ఇంజన్లు తిప్పుతాయి."

"అవీ మొరాయిస్తే?"

"పాత డిజైను కదమ్మా. అప్పుడంత దూరం ఆలోచించనేదు."

"మా పుట్టింట్లో కరెంటు పోయినా కుళాయి ఆగదు. మేడ మీద ట్యాంకుంది. దీనికి లేదా?"

"నేదమ్మా. కొత్తవాటికి ఉంటాది."

భానోజీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పాలు గిన్నె అంచుదాకా లేచాయి. హైమావతి స్టవ్ ఆపేసి, అందులో టీ పొడి వేసింది.

"ట్యాంకు కట్టించండి, అప్పుడొచ్చి పొంగిస్తాను. ఇప్పటికి టీ తాగండి" అంది భర్తతో.

ఎర్రునాయుడు రెండు గ్లాసులు తాగాడు. ఆ ట్యాంకు కోసం పన్నెండేళ్లుగా అర్జీలు పెడుతున్నది అతనే.