మెత్తటి బ్రష్షు, గట్టి సబ్బు

"బుర్ర ఉందా నీకు? ఇంత మెత్తటి బ్రష్షుకి అంత గట్టి సబ్బు తెస్తావా?" కుడిచేతికి పిండికట్టుతో, నాచేత గడ్డం గీయించుకోడానికి కుర్చీలో కూర్చున్న మా ఆయన కసిరాడు.

"కొట్లో ఇదే ఉందండీ."

"మెత్తటి సబ్బు అడగాలని తెలీదూ? చూడు, బ్రష్షుకి సబ్బే అంటడం లేదు. మొహమ్మీద రుద్దకు, గిన్నెలో గిలక్కొట్టు. నీ మొహానికి నురగ కూడానా!"

వంటింట్లోనూ రోజూ ఇదే పాట. సబ్బు మీద నీళ్లు పోసి, కాసేపు నాననిచ్చి, గిన్నెలో గిలక్కొట్టాను. నురగ మీగడలా చిక్కబడింది.

"ఆ, ఏడిసినట్టే ఉంది."

మెడదాకా పులిమాను. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న మంగలికత్తి తెరిచి గొంతు కింద ఆనించాను.

"చెప్పండి, ఇంకా ఏం తప్పులున్నాయి?"

పెళ్లయ్యాక మొదటిసారి మా ఆయన గుటక కూడా మింగలేదు.