గట్టి నేల

"ఎవరది, నా గోడ పక్కన తవ్వేది?"

యేసమ్మ కొడవలితోనే బయటికొచ్చింది.

ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని జరుగుతూ జరుగుతూ ఊరి మీదికొచ్చింది. వాడంతా ఖాళీ అయి ఆమె ఇల్లొక్కటే మిగిలింది.

"అద్దం తీగ పూడుస్తున్న అవ్వా," అన్నాడు తవ్వుతున్న యువకుడు. " వెంట్రుకంత సన్నం. ఆ కొస నుంచి ఒక వెలుగు, ఈ కొస నుంచి ఒక వెలుగు పంపుత. నడుమ ఎదురైతె ఒకటి ఇంకోదానికి బలమిస్తది. నేల కుంగి తీగ సాగిన కాడ ఆ లెక్క మారి, ఎక్కడ కుంగిందో తెలుస్తది."

"ఒక్క వెలుగు సాలదా?"

"ఒంటిగుంటె సరిగ చెప్పలేదవ్వా."

ఆ మాట యేసమ్మకు నచ్చింది. మనిషితో తీరిగ్గా మాట్లాడి ఎన్నాళ్లయిందో! పిలిచి అతని మిషనుకు ఇంట్లో ప్లగ్గు చూపించింది. జొన్నరొట్టె పెట్టింది.

"నా నేల గట్టిదే బిడ్డా. కాయితం ఉన్నది," అంటూ బైబిల్లోంచి తీసింది. "పోయినేడు సర్వే సారు రాసి పంపిండు. గడప తొక్కలె, నన్ను చూడలె. దేవుడసొంటోడు."

అతను రొట్టె చేత్తో పట్టుకొని అలాగే కూర్చుండిపోయాడు.

మూడో రోజు పాలు పోసే సదానందం చెవిలో వేశాడు.

"వాడు సర్వేయరవ్వా! పోయినేడు గని ఆఫీసుల చూసిన. నీ ఇల్లు కొలుస్తుండు. ఇగ నిన్ను వెళ్లగొట్టుడే!"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! యేసమ్మ ఒళ్లు మండిపోయింది. కొడవలితో తీగ తెంపేసింది.

"పో! మళ్ల కనిపిస్తె బాగుండది!"

అతను లోపలి గదిలోని టేకు మంచాన్ని ఈడ్చుకొచ్చి వసారాలో వేశాడు.

"అవ్వా, ఆ అర్రల పండకు."

దిండు కింద ఒక కాయితం పెట్టి వెళ్లిపోయాడు.

"చెప్పొచ్చిండు పెద్ద!"

చదువు రాని యేసమ్మ కాయితాన్ని అక్కడే వదిలి మంచాన్ని లోపలికి నెట్టబోయింది. కదిలితేగా! ఓ చెయ్యి వెయ్యమని పిలుద్దామంటే వాడలో నరపురుగు లేదు. ఏడుపొచ్చింది. చేసేది లేక అక్కడే నడుం వాల్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా బ్లాస్టింగ్ మోతకు ఇల్లదిరింది.

లేచి చూస్తే లోపలి అర్ర లేదు. నిలువెత్తు గొయ్యి ఉంది.

సదానందం ఉరికొచ్చి దిండు కింది కాయితం చదివాడు.

"'లోపలి గది కింద పాత గని ఉంది. నేల గట్టిది కాదు. వెంటనే ఖాళీ చేయాలి.'"

"అయ్యో, తిట్టి పంపితి గదరా! జల్ది పిలువు బిడ్డా, రొట్టె చేస్త."

"ఎక్కడని పిలువాలె? సంతకమే ఉన్నది, పేరు లేదు, అడ్రసు లేదు."

"పోయినేడు రాసిన సారును అడుగు. ఆ మంచాయనకు ఎరుకుంటది."

వసారా గూట్లోని బైబిల్ తెరిచి పాత కాయితం అందించింది.

సదానందం రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

రెండింటి మీదా సంతకం ఒక్కటే.