ఎండ తగ్గినాక

వేసవిలో కర్నూలు రోడ్ల మీద అమ్మాయిలకు కళ్లు మాత్రమే ఉంటాయి.

మిగిలిన ముఖమంతా చున్నీలోనే. స్కూటీ నడిపే పిల్ల, ఆటో కోసం నిలబడ్డ టీచరు, మామిడికాయలు బేరమాడే ఇల్లాలు, అందరూ ఒకేలా కనిపిస్తారు.

అందుకే పద్మశ్రీకి మే నెలంటే ఇష్టం. ఆ నెలలో ముఖం ఎందుకు కప్పుకున్నావని ఎవరూ అడగరు.

చర్మం డాక్టరమ్మ ఆ చున్నీ విప్పించి, గడ్డం కింద లైటు పెట్టి చూసింది.

"లేజర్ చేయొచ్చు. కానీ ఇప్పుడొద్దు. ఈ ఎండలకు కమిలిన చర్మం మీద పెడితే కాలుతుంది. దీపావళి దాటినాక రండి. దీనికి చలికాలమే మంచిది."

"అప్పటిదాకా?"

"పీకొద్దు, దారంతో తీయించొద్దు, ఏమీ రుద్దొద్దు. వెంట్రుక వేరు లోపల ఉంటేనే లేజర్ పనిచేస్తుంది. మరీ ఇబ్బందైతే షేవ్ చేసుకో."

షేవ్ అన్న మాటకు పద్మశ్రీ తలుపు వైపు చూసింది. తలుపు వేసే ఉంది.

పక్కన కూర్చున్న తల్లి బసమ్మ గొంతు సవరించుకుంది.

"చంటిబిడ్డప్పుడు నలుగు సరింగ పెట్టకపోతే ఇట్లయితాదంట గదమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. "అదేం లేదమ్మా. ఇది హార్మోన్ల వల్ల."

బసమ్మ తలూపింది. నమ్మి కాదు.

ఇంటికి తిరిగిపోయే కోడుమూరు బస్సులో కూతురు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఆడ నిన్నెవురు మాట్లాడమన్నారు?"

"తెలుసుకుందామని అడిగినాలే."

"నువ్వు అడుగుతాంటే నాకు తల కొట్టేసినట్టయింది."

బసమ్మ టికెట్టు మడిచి కొంగున ముడేసుకుంది.

పద్మశ్రీ పుట్టింది పెళ్లిళ్ల కాలంలో. తల్లి మగ్గం గుంటలో, బిడ్డ పక్కనే చీర ఊయలలో. శనగపిండి, పసుపు, నూనె కలిపి రోజూ ఒంటికి రుద్దితే బిడ్డ నూగు రాలిపోతుందని ఊరందరికీ తెలుసు. బసమ్మ కొన్నాళ్లు రుద్దింది. తర్వాత మగ్గం మీది చీరలు ఆమెను లేవనివ్వలేదు.

"చీర నేసేకి తీరికుంటాది, పిల్లకి నలుగు పెట్టేకి ఉండదు నీకి," అనేది అత్త తిరుపతమ్మ.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మాట పోలేదు.

వానలు పడీ పడనట్టు పడి వెళ్లాయి.

పద్మశ్రీ రోజూ స్నానాలగదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున షేవ్ చేసుకునేది. సాయంత్రానికి మళ్లీ గరుకు. వద్దనుకున్నా వేలు దానంతటదే అక్కడికి పోయేది.

కొళాయి చప్పుడు వినిపించినంతసేపూ ఇంట్లో మగ్గం ఆగేది.

ఆమె పనిచేసే చీరల షాపు కర్నూలులో. వెనక గదిలో చీరలు మడతపెట్టే పద్మశ్రీని ఓనరు ముందుకు రమ్మంటున్నాడు. కొనేవాళ్ల ఎదుట, అద్దం ముందు నిలబడి, చీర భుజాన వేసుకుని చూపించాలి.

"దీపావళి దాటినాక వస్తా సార్," అంది.

ఎండలు తగ్గాయి. ఊళ్లో ముఖాలన్నీ బయటికొచ్చాయి.

"ఏమ్మే, నీకొక్కదానికే ఇంగా ఎండ కొడ్తాందా?" అంది కౌంటరు దగ్గరి ఫిరోజా, ఆమె షాపులోకి వస్తుంటే. "నా బురఖా ఇచ్చేస్తా, తీసుకో పో. చున్నీ కంటే శానా నయం."

అందరూ నవ్వారు. పద్మశ్రీ కూడా నవ్వింది, చున్నీ లోపల.

దీపావళి పొద్దున తలంటు.

పీట మీద కూర్చున్న కూతురి వీపుకు, చేతులకు బసమ్మ నలుగు పెట్టింది. తర్వాత గిన్నెతో ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కండ్లు మూసుకో."

పసుపు చెయ్యి గడ్డం మీదికి వచ్చింది.

డాక్టరమ్మ చెప్పింది పద్మశ్రీకి గుర్తుంది. రేపే రమ్మన్నారనీ గుర్తుంది. వద్దనాలి.

కానీ వెంట్రుకలు మొలిచినప్పటి నుంచీ అక్కడ తన వేలు తప్ప ఎవరి చెయ్యీ పడలేదు. సిగ్గుతో పార్లరుకు కూడా పోయేది కాదు.

నేత పనికి గట్టిపడిన అరచెయ్యి. పిండి ఆరి రాలిపోతున్నా ఆగడం లేదు. ఆ చెయ్యి ఈ పండగలో లేదు. ఎక్కడో చీర ఊయల దగ్గర ఉంది.

మంట పుట్టింది. పద్మశ్రీ కళ్లు తెరవలేదు.

మర్నాడు లైటు పెట్టి చూడగానే డాక్టరమ్మ నుదురు ముడిపడింది. గడ్డమంతా కందిపోయి, అక్కడక్కడ చర్మం లేచి ఉంది.

"ఏం రుద్దారు దీనికి?"

బసమ్మ చేతులు కొంగు కిందికి పోయాయి. ఎంత కడిగినా గోళ్ల పసుపు పోలేదు.

"ఏమీ రుద్దలేదు మేడమ్," అంది పద్మశ్రీ. "ఎండకు అట్లయింది."

"ఈ ఎండకా? చున్నీ కట్టుకోవా నువ్వు?"

"కట్టుకోను మేడమ్."

డాక్టరమ్మ చూపు బసమ్మ కొంగు మీద ఒక్క క్షణం ఆగింది.

"ఇప్పుడు లేజర్ పెడితే మచ్చలు పడతాయి. ముందు ఇది మానాలి. కార్తీకం పోయాక రండి. ముఖానికి ఎండ తగలనీయొద్దు."

అంతదాకా వెనక గదే.

బయటికొచ్చి పద్మశ్రీ చున్నీ కట్టుకోబోయింది. బట్ట తగలగానే భగ్గుమంది. తీసి చేతిలోనే పట్టుకుంది.

"ఎండని ఎందుకు చెప్తివి?" అంది బసమ్మ.

"ఎండనే లేమ్మా."

ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు.

కొంత దూరం పోయాక బసమ్మ పక్క మార్చింది. కూతురి వెనకగా తిరిగి, ఎండ వచ్చే వైపుకు వెళ్లి నడవసాగింది.

ఆమె పొట్టి మనిషి. నీడ కూతురి భుజం దాకానే అందింది.